రచయిత పోయాక: హక్కు ఒకరిది, కాగితం ఇంకొకరిది

రచయితో పాత్రికేయుడో పోయాక జరిగే సంతాప సభలో ఒక మాట తప్పకుండా వినపడుతుంది: ‘ఆయన రాసినవన్నీ ఒకచోటికి తేవాలి.’ అన్నవాళ్లు నిజంగా మనసులో ఉండే అంటారు. ఆ తర్వాత ఆ పని నెత్తినేసుకున్న ఇద్దరు ముగ్గురికి అసలు చిక్కులు మొదలవుతాయి. అచ్చు వేయడానికి ఎవరి అనుమతి కావాలి? భార్యదా, పిల్లలదా, పాత పబ్లిషరుదా? పత్రికలో ఏళ్ల తరబడి రాసిన కాలమ్ కుటుంబానిదా, యాజమాన్యానిదా? ఆ కాలమ్ వచ్చిన పాత సంచికలు అసలు ఎక్కడ దొరుకుతాయి? బీరువాలో కనపడిన ఉత్తరాలు అచ్చు వేయొచ్చా?

ఇవన్నీ ఒకే ప్రశ్నలా కనిపిస్తాయి గానీ కావు. రచన మీద హక్కు ఒకరి చేతిలో ఉంటుంది. రచన ఉన్న కాగితం ఇంకొకరి ఇంట్లో ఉంటుంది. చట్టం పట్టించుకునేది మొదటిదాన్ని. రచయిత పేరు నిలబడేది ఎక్కువగా రెండోదాని మీద. తెలుగులో మనం పోగొట్టుకున్న రచనల్లో చాలావాటిని మింగింది కాపీరైట్ చట్టం కాదు, చెదలూ తడీ, పాత పేపర్ల కింద తూకానికి అమ్మేయడమూ. అయినా ముందు చట్టం సంగతే తేల్చుకుందాం. దాని గురించి భయం ఎక్కువ, తెలిసింది తక్కువ.

అరవై ఏళ్ల లెక్క

మన దేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత బతికున్నంత కాలమూ, పోయాక మరో 60 ఏళ్లూ రచన మీద హక్కు ఉంటుంది. ఆ 60 ఏళ్లను చనిపోయిన రోజు నుంచి కాదు, మరుసటి జనవరి 1 నుంచి లెక్కపెడతారు. అందుకే ఏటా జనవరి 1న కొందరు రచయితలు అందరివాళ్లు అవుతారు. సురవరం ప్రతాపరెడ్డి 1953లో పోయారు, ఆయన జీవితకాలంలో అచ్చయిన రచనలు 2014 జనవరి 1 నుంచి ఎవరైనా వేసుకోవచ్చు. ‘మాలపల్లి’ రాసిన ఉన్నవ లక్ష్మీనారాయణ 1958లో పోయారు, 2019 నుంచి అంతే. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి (1961) రచనలు 2022లో, త్రిపురనేని గోపీచంద్ (1962) రచనలు 2023లో విడుదలయ్యాయి. జాషువా కోసం 2032 దాకా, విశ్వనాథ కోసం 2037 దాకా, చలం కోసం 2040 దాకా, శ్రీశ్రీ కోసం 2044 దాకా ఆగాలి.

ఈ గడువు మొదట 50 ఏళ్లే. 1941లో పోయిన రవీంద్రనాథ్ ఠాగూర్ రచనల మీద ఆయన స్థాపించిన విశ్వభారతికి ఉన్న హక్కు 1991 చివర్లో ముగిసిపోవాలి. సరిగ్గా అప్పుడే ప్రభుత్వం గడువును 60కి పెంచింది, 1992లో చట్టాన్ని సవరించింది. ఒక్క రచయిత కోసం మొదలైన ఆ మార్పు దేశంలోని రచయితలందరికీ వర్తించింది. దీనికి ఎదురుగా గాంధీగారి సంగతి చూడండి. ఆయన తన రచనల హక్కుల్ని నవజీవన్ ట్రస్టుకి రాసిచ్చారు. 2008 చివరికి 60 ఏళ్లు పూర్తయ్యాయి. గడువు పెంచమని ట్రస్టు అడగలేదు. 2009 జనవరి 1 నుంచి ఆయన రచనలు అందరివీ అయ్యాయి. జీవితమంతా పత్రికలు నడిపి, ఉద్యమాన్ని సంపాదకీయాలతో నడిపించిన మనిషికి ఆ పద్ధతే తగినదని నా అభిప్రాయం.

లెక్క ఇంత సులువైతే చిక్కే లేదు. రచయిత పోయేనాటికి అచ్చుకాని రచనకు లెక్క వేరు. దాన్ని మొదటిసారి ప్రచురించిన సంవత్సరం తర్వాతి జనవరి 1 నుంచి 60 ఏళ్లు. దేవరకొండ బాలగంగాధర తిలక్ 1966లో పోయారు. ఆయన కవితా సంపుటి ‘అమృతం కురిసిన రాత్రి’ 1968లో వచ్చింది, ఆ తర్వాత సాహిత్య అకాడమీ అవార్డూ వచ్చింది. బతికుండగా పత్రికల్లో అచ్చయిన తిలక్ కవితల మీద హక్కు 2026 డిసెంబరు 31తో ముగుస్తుంది. ఎక్కడా అచ్చుకాకుండా ఆ సంపుటిలోనే మొదటిసారి కనిపించిన కవిత ఏదైనా ఉంటే, దాని మీద హక్కు 2028 చివరి దాకా నడుస్తుంది. ఒకే పుస్తకం, రెండు తేదీలు. ఏ కవిత ఏ పత్రికలో ఎప్పుడు వచ్చిందో తెలిస్తేనే ఈ సంగతి తేలుతుంది. అంటే హక్కు లెక్క కూడా చివరికి పాత పత్రికల కట్టల దగ్గరికే తీసుకెళ్తుంది.

మారుపేర్ల సంగతి ఇంకొకటి. ఎవరు రాశారో తెలియని రచనకు, మారుపేరుతో వచ్చిన రచనకు ప్రచురణ నుంచి 60 ఏళ్లు లెక్కిస్తారు. ఆ గడువులోపే అసలు రచయిత ఎవరో బయటపడితే మళ్లీ మరణం నుంచి లెక్కే. తెలుగు పత్రికల్లో ‘ఒక సోదరి’ అనో, ఊరి పేరు మాత్రం పెట్టుకునో రాసిన ఆడవాళ్లు ఎందరో. వాళ్లలో చాలామంది అసలు పేర్లు మనకు చేరనే లేదు.

గడువు తీరిపోయిందంటే ఎవరేమైనా చేసుకోవచ్చని కూడా కాదు. రచయితగా గుర్తింపు పొందే హక్కు, తన పరువుకు భంగం కలిగేలా రచనను వికృతం చేస్తే అభ్యంతరం చెప్పే హక్కు చట్టంలో విడిగా ఉన్నాయి. 2012 సవరణ తర్వాత వీటిని కాపీరైట్ గడువుతో ముడిపెట్టడం లేదు. వారసులు కూడా వీటి కోసం నిలబడొచ్చు. ఇంకొక జాగ్రత్త: మూల రచన స్వేచ్ఛగా దొరికినా, దానికి ఈమధ్య ఎవరో రాసిన ముందుమాట, పాదసూచికలు, అనువాదం వాళ్లవే. గురజాడ ఇంగ్లీషులో రాసుకున్న డైరీల మీద హక్కు వేరు, వాటికి తెలుగు అనువాదం చేసినవారి హక్కు వేరు.

వీలునామా లేని ఇల్లు

గోపీచంద్ ‘పండిత పరమేశ్వరశాస్త్రి వీలునామా’కు 1963లో సాహిత్య అకాడమీ అవార్డు ప్రకటించేనాటికి ఆయన లేరు. నవలల్లో వీలునామాలు రాసిన మన రచయితలు తమ రచనల కోసం వీలునామా రాయడం మాత్రం అరుదు. ఇల్లు, పొలం, బ్యాంకు ఖాతా గురించి రాసేవాళ్లు కూడా ‘నా పుస్తకాల హక్కులు ఫలానా వాళ్లకి’ అని ఒక్క వాక్యం చేర్చరు. పెద్దగా డబ్బు వచ్చేదేం కాదు కదా అనుకుంటారు. చిక్కు డబ్బుది కాదు, సంతకాలది.

కాపీరైట్ కూడా ఆస్తే. వీలునామా లేకపోతే వారసత్వ చట్టం ప్రకారం అందరికీ వెళ్తుంది. హిందూ వారసత్వ చట్టం కింద రచయిత మగవాడైతే భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు, తల్లి బతికుంటే ఆవిడకీ సమానంగా వస్తుంది. రచయిత్రి అయితే భర్తకూ పిల్లలకూ. ఇతర మతాల వారికి వాళ్ల చట్టాలు ఉన్నాయి. మొదటి తరంలో నలుగురు ఉంటే, రెండో తరానికి పదిమందో పదిహేనుమందో అవుతారు. ఒకరు అమెరికాలో, ఒకరు బెంగళూరులో, ఒకరితో ఒకరికి మాటల్లేవు. అరవై ఏళ్లంటే రెండు తరాలు. తాతగారి కథల సంపుటి మళ్లీ వేస్తామని అడిగిన పబ్లిషరుకు ‘అందరి సంతకాలూ తెచ్చుకోండి’ అన్నారంటే ఆ పుస్తకం ఇక రాదనే అర్థం. ఎవరూ కావాలని అడ్డుపడరు. ఎవరూ చొరవ తీసుకోరు, అంతే. దొంగ ముద్రణల వల్ల పోయిన రచయితలకు జరిగిన నష్టం కంటే, వారసుల మౌనం వల్ల జరిగిన నష్టం చాలా పెద్దదని నేను గట్టిగా నమ్ముతాను.

పాత పబ్లిషరుకు హక్కులు అమ్మేశారేమో అన్న భయం ఇంకొకటి. హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి, నోటిమాట చెల్లదు. 1994 సవరణ తర్వాతి ఒప్పందాల్లో గడువు రాయకపోతే అది ఐదేళ్లకే అని చట్టం అనుకుంటుంది. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే. హక్కు తీసుకున్నవాళ్లు ఏడాదిలోగా దాన్ని వాడుకోకపోతే, ఒప్పందంలో వేరే మాట లేకుంటే, ఆ బదిలీ రద్దయినట్టే. చాలా కుటుంబాలకు ఈ సంగతి తెలియక, పుస్తకం ముట్టుకోని పబ్లిషరు పేరు చెప్పి ఇతరులను వెనక్కి పంపేస్తుంటారు.

వారసులు ఎక్కడున్నారో తెలియకపోతే? అలాంటి రచనల కోసం చట్టంలో ఒక దారి ఉంది. రచయిత పోయి, హక్కుదారు జాడ తెలియనప్పుడు, పత్రికా ప్రకటన ఇచ్చి, దరఖాస్తు పెట్టుకుని, నిర్ణయించిన రాయల్టీ డిపాజిట్ చేసి, ప్రచురణకు లైసెన్సు తీసుకోవచ్చు. దేశ ప్రయోజనం దృష్ట్యా అవసరమనుకుంటే, పోయిన రచయిత అచ్చుకాని రచనను ఫలానా గడువులోగా ప్రచురించమని కేంద్రం వారసులనే అడగొచ్చు. పుస్తకంలో ఉన్న దారే ఇది. చిన్న పబ్లిషరు నడవగలిగిన దారి మాత్రం కాదు.

తమిళులు ఇంకో పద్ధతి పట్టారు. సుబ్రహ్మణ్య భారతి 1921లో పోయారు. ఆయన పాటల హక్కులు చేతులు మారి సినిమా నిర్మాత దగ్గరికి కూడా చేరాయి. ప్రజల నుంచి ఒత్తిడి రావడంతో 1949లో మద్రాసు ప్రభుత్వం హక్కులు తీసుకుంది, తర్వాత అవి ప్రజలవి అయ్యాయి. పోయిన రచయితల కుటుంబాలకు ప్రభుత్వం కొంత సొమ్ము ఇచ్చి, రచనల్ని అందరికీ విడుదల చేయడం అక్కడ ఆ తర్వాత ఒక సంప్రదాయమే అయింది. కుటుంబానికి గౌరవం, పాఠకుడికి పుస్తకం, రెండూ దక్కుతాయి. తెలుగు ప్రభుత్వాలు విగ్రహాల మీద, జయంతుల మీద పెట్టే శ్రద్ధలో కొంత ఇటు పెడితే బాగుంటుంది.

పాత్రికేయుడి రాతలు ఎవరివి

కథకుడికి, కవికి కనీసం పుస్తకం ఉంటుంది. పాత్రికేయుడు రాసింది మర్నాటికి పాతబడే కాగితం మీద. అందుకే ఈ విషయంలో అందరికంటే ఎక్కువ నష్టపోయేది పాత్రికేయులే. హక్కు ఎవరిదన్న ప్రశ్నకు మాత్రం వాళ్ల విషయంలో చాలామంది ఊహించని జవాబు ఉంది.

పత్రికలో ఉద్యోగి రాసిందంతా యాజమాన్యానిదే అని డెస్కుల్లో అందరూ అనుకుంటారు. చట్టంలోని 17వ సెక్షన్ అలా అనడం లేదు. పత్రిక ఉద్యోగంలో భాగంగా రాసినదాని మీద యాజమాన్యానికి ఉండే హక్కు, దాన్ని ఏదైనా పత్రికలో ప్రచురించుకునే మేరకే. మిగతా అన్ని విషయాల్లో మొదటి హక్కుదారు రాసినవాడే. అంటే ఉద్యోగంలో రాసిన సంపాదకీయాల్ని, కాలమ్స్‌ని పుస్తకంగా వేసుకునే హక్కు పాత్రికేయుడిది, ఆయన పోయాక కుటుంబానిది. నియామక పత్రంలో దీనికి భిన్నంగా రాసి ఉంటే మాత్రం ఆ రాతే చెల్లుతుంది. అందుకే పాత్రికేయుడి ఇంట్లో ముందుగా వెతకాల్సింది అవార్డుల ఫైలు కాదు, అపాయింట్‌మెంట్ లెటరు.

జీతం మీద ఉన్న ఉద్యోగి కాకుండా లైన్ అకౌంట్ మీద, అంటే అచ్చయిన వరసల లెక్కన డబ్బు తీసుకుని, రాసిన కంట్రిబ్యూటరైతే, బయటి నుంచి వ్యాసాలు పంపిన ఫ్రీలాన్సరైతే యాజమాన్యానికి ఆ మేరకు హక్కు కూడా ఉండదు. రాసిచ్చిన ఒప్పందం లేకపోతే హక్కు మొత్తం వాళ్లదే. మండల కేంద్రంలో కూర్చుని పాతికేళ్లు వార్తలు పంపిన మనిషికి తన వార్తల మీద సంపాదకుడి కంటే ఎక్కువ హక్కు ఉండొచ్చు. కానీ ఆయన రాసినవాటి మీద పేరే ఉండదు. జిల్లా ఎడిషన్‌లో వచ్చిన వార్తని హెడ్డాఫీసు కూడా దాచి ఉండకపోవచ్చు. హక్కు ఉంది, కాగితం లేదు.

పేరు లేకుండా రాయడం తెలుగు పత్రికా సంప్రదాయంలో పెద్ద భాగం. ముట్నూరి కృష్ణారావు 1907 నుంచి 1945లో పోయేదాకా మచిలీపట్నంలో కృష్ణాపత్రికను నడిపారు. సంపాదకీయం కింద సంతకం ఉండదు. అయినా పాఠకులకు ఆ వాక్యం ఎవరిదో తెలిసేది. ఆ రాతల్లో కొన్ని ‘సమీక్ష’, ‘లోవెలుగులు’ పేర్లతో పుస్తకాలయ్యాయి కాబట్టి ఈనాటి పాఠకుడికి ఆయన వచనం రుచి తెలుస్తోంది. పుస్తకంలోకి ఎక్కనివన్నీ పాత సంపుటాల్లోనే ఉన్నాయి. ఒక పత్రికలో నలుగురు ఉపసంపాదకులు ఉంటే, పేరులేని సంపాదకీయం ఎవరిదో తేల్చడానికి సమకాలికుల జ్ఞాపకమే దిక్కు. ఆ సమకాలికులు పోయాక అది కూడా ఉండదు. అందుకే సంపాదకుడు బతికుండగానే ‘ఇవి నావి’ అని టిక్కు పెట్టిన జాబితా ఒకటి ఉండటం ఎంతో విలువైన పని.

నార్ల వెంకటేశ్వరరావు ఈ విషయంలో కాస్త అదృష్టవంతులు. ఆంధ్రప్రభలోనూ, తర్వాత 1960లో మొదలైన ఆంధ్రజ్యోతిలోనూ ఆయన సంపాదకత్వం ఒక యుగం. 1985లో పోయారు. ఆయన సొంత గ్రంథాలయం హైదరాబాదులోని అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి చేరింది. ఒక సంపాదకుడు ఏం చదివాడో తెలిస్తే ఏం రాశాడో ఎందుకు రాశాడో తెలుస్తుంది. పుస్తకాల అంచుల్లో గీసుకున్న గీతలు కూడా ఆయన రాతల్లో భాగమే. చాలామంది ఇళ్లలో జరిగేది దీనికి పూర్తిగా వేరు: పుస్తకాలు బంధువులు తలా కొన్ని పట్టుకెళ్తారు, మిగిలినవి పాత పుస్తకాల దుకాణానికి చేరతాయి.

షోయబుల్లాఖాన్ సంగతి తలుచుకుంటే బాధ కలుగుతుంది. నిజాం రాజ్యం భారత యూనియన్లో కలవాలని తన ‘ఇమ్రోజ్’ ఉర్దూ పత్రికలో రాసినందుకు 1948 ఆగస్టులో హైదరాబాదులో ఆయన్ని చంపేశారు. అమరుడిగా ఆయన పేరు తెలుగువాళ్లందరికీ తెలుసు. ప్రాణం తీసేంత కోపం తెప్పించిన ఆ రాతల్ని చదివిన తెలుగు పాఠకులు ఎందరు? పాత్రికేయుడి మరణం చరిత్రలోకి ఎక్కి, రాత బయటే మిగిలిపోవడం ఆయనకు జరిగిన రెండో అన్యాయం.

దాచినవాళ్లు, వెతికినవాళ్లు

న్యూస్‌ప్రింట్ ఎక్కువ కాలం బతకడానికి చేసిన కాగితం కాదు. చవకైన చెక్క గుజ్జుతో చేస్తారు కాబట్టి అందులో ఆమ్లం పుడుతుంది, వెలుతురు తగిలితే పసుపు రంగుకి తిరుగుతుంది, కొన్ని దశాబ్దాలకు మడత దగ్గర విరిగిపోతుంది. మన ఉక్కపోతలో ఇంకా త్వరగా. చట్టం అరవై ఏళ్లు కాపలా కాసేలోపు కాగితమే పొడి అయిపోతుంది. హక్కు గడువు ముగిసేనాటికి ముద్రించడానికి ప్రతి లేని పరిస్థితి ఇలాగే వస్తుంది.

అందుకే నిలిచినవన్నీ ఎవరో ఒకరు పూనుకుంటే నిలిచినవే. గురజాడ 1915లో పోయేనాటికి ‘కన్యాశుల్కం’ రెండుసార్లు వచ్చింది. 1897లో మొదటిది, 1909లో దాదాపు కొత్త నాటకంగా తిరగరాసినది. రెండోదే వాడుకలో నిలిచి, మొదటిది కనుమరుగైంది. దాన్ని వెతికి పట్టుకుని 1969లో ‘మొట్టమొదటి కన్యాశుల్కం’గా అచ్చు వేయించింది బంగోరె అనే బండి గోపాలరెడ్డి. నెల్లూరు ‘జమీన్ రైతు’లో పనిచేసిన పాత్రికేయుడు. బ్రౌన్ దొర ఉత్తరాల వెంటపడింది, ‘మాలపల్లి’ మీద బ్రిటిష్ ప్రభుత్వం పెట్టిన నిషేధాల కాగితాలు బయటికి తీసిందీ ఆయనే. రచయితల కాగితాల కోసం జీవితం ధారపోసిన ఈ మనిషి 1982లో పోయారు. పెద్ద పదవి లేదు, వెనక సంస్థ లేదు. గురజాడ ఒక నాటకాన్ని పన్నెండేళ్లలో ఎలా తిరగరాసుకున్నాడో ఈనాడు ఎవరైనా పక్కపక్కన పెట్టి చూడగలుగుతున్నారంటే ఆ పుణ్యం ఆయనది.

భండారు అచ్చమాంబ 1905లో ముప్పై ఏళ్ల వయసులో పోయింది. అప్పటికే ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రాసింది, పత్రికల్లో కథలు రాసింది. ఆమె ‘ధనత్రయోదశి’ 1902లో ‘హిందూసుందరి’లో వచ్చింది. గురజాడ ‘దిద్దుబాటు’ 1910లో వచ్చింది. అయినా తొలి తెలుగు కథ అంటే చాలాకాలం ‘దిద్దుబాటు’ పేరే చెప్పుకున్నాం. ఏది కథ, ఏది కాదు అన్న వాదన పక్కన పెట్టండి. ఆ వాదన చేయడానికి కూడా అచ్చమాంబ కథలు చేతిలో ఉండాలి కదా. ఆ పాత సంచికలు వెతికి తీసి పుస్తకంగా వేసినవాళ్లు లేకపోతే చరిత్ర ఒకే పేరుతో ఆగిపోయేది.

సురవరం ప్రతాపరెడ్డి ఇంకొక రకం. తెలంగాణలో కవులు లేరన్న మాట ఎవరో అన్నప్పుడు ఆయన వాదించి ఊరుకోలేదు. గోలకొండ పత్రిక ద్వారా పిలుపిచ్చి, 354 మంది కవుల పద్యాలూ వివరాలూ సేకరించి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చారు. ఆ కవుల్లో చాలామంది గురించి ఈనాడు మనకి దొరికే ఆధారం ఆ సంచికే. ఆయన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’కు తెలుగులో మొట్టమొదటి సాహిత్య అకాడమీ అవార్డు 1955లో వచ్చింది. అప్పటికి ఆయన పోయి రెండేళ్లు. అవార్డు ఆయనకు అందలేదు గానీ, సంచికలో ఆయన దాచిన పేర్లు మనకు అందాయి.

సంస్థల్లో శ్రీకాకుళం కథానిలయం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కాళీపట్నం రామారావు మాస్టారు తానే పెద్ద కథకుడు. పెద్దవయసులో సొంత రచన మీద కాకుండా, తెలుగులో వచ్చిన కథలన్నీ ఒకచోట చేర్చే పని మీద కూర్చున్నారు. 1997లో కథానిలయం తెరిచారు. పాత పత్రికల్లోని కథల్ని జెరాక్సులు తీయించి, రచయితల వారీగా ఫైళ్లు పెట్టించారు. 2021లో ఆయన పోయారు, ఫైళ్లు ఉన్నాయి, స్కాన్ అయిన కథలు వెబ్‌సైట్లోనూ దొరుకుతున్నాయి. వేటపాలెంలో 1918 నుంచి ఉన్న సారస్వత నికేతనం లేకపోతే పాత తెలుగు పత్రికల మీద పరిశోధన చేసే వాళ్లకు దిక్కు తోచదు. ప్రెస్ అకాడమీ పాత సంపుటాలు స్కాన్ చేయించడం, మనసు ఫౌండేషన్ గురజాడ, రావిశాస్త్రి, పతంజలి వంటివాళ్ల సమగ్ర సంపుటాలు వేయడం ఈ వరసలోవే. పతంజలి నవలలతో పాటు పత్రికా రచన కూడా ఒకచోట దొరకడం వల్లే, ఆ రెండిటి మధ్య ఉన్న చుట్టరికం పాఠకుడికి తెలుస్తోంది.

చెప్పకుండా వదిలేసిన కోరికలు

ఉత్తరాల సంగతి చాలామందిని తికమక పెడుతుంది. ఉత్తరం అందుకున్నవాళ్లకి ఆ కాగితం సొంతం. దాచుకోవచ్చు, గ్రంథాలయానికి ఇవ్వొచ్చు. అందులోని మాటల్ని అచ్చు వేసే హక్కు రాసినవాళ్లది, వాళ్లు పోయాక వారసులది. అచ్చుకాని రాతప్రతిని వీలునామాలో ఎవరికైనా రాసిస్తే మాత్రం, వేరేగా చెప్పకపోతే, దాని కాపీరైట్ కూడా వాళ్లకే ఇచ్చినట్టని చట్టం అనుకుంటుంది.

రచయిత వద్దన్నది వేయొచ్చా అన్నది చట్టం తేల్చలేని ప్రశ్న. జర్మన్ భాషలో రాసిన కాఫ్కా 1924లో పోతూ, తన రాతప్రతులు తగలబెట్టమని మిత్రుడు మాక్స్ బ్రాడ్‌ని కోరాడు. బ్రాడ్ తగలబెట్టకుండా అచ్చు వేయించాడు. ఆ కాగితాలు తర్వాత ఎవరికి చెందాలన్న వ్యాజ్యం ఇజ్రాయెల్ సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2016లో తేలింది, జాతీయ గ్రంథాలయానికి చేరాయి. బ్రాడ్ చేసింది మంచి పనే అని లోకమంతా అంటుంది. నేనూ అంటాను. కానీ డైరీల విషయంలో అంత తొందరగా అనలేను. డైరీలో రచయిత ఒక్కడే ఉండడు. భార్య ఉంటుంది, స్నేహితులుంటారు, వాళ్లలో కొందరు ఇంకా బతికే ఉంటారు. పోయినవాళ్ల గురించి రాసినా, కుటుంబాన్ని బాధపెట్టే ఉద్దేశంతో రాస్తే పరువునష్టం కిందికి వచ్చే వీలు మన క్రిమినల్ చట్టంలో ఉంది. డైరీని చింపేయడం కంటే, ఇంత కాలం తెరవకూడదన్న షరతుతో గ్రంథాలయానికి ఇవ్వడం ఎంతో మేలు.

పాత్రికేయుడి నోటుబుక్కులకు ఈ జాగ్రత్త రెండింతలు అవసరం. అందులో సమాచారం ఇచ్చినవాళ్ల పేర్లు, ఫోను నంబర్లు ఉంటాయి. ‘నీ పేరు బయటికి రాదు’ అని ఆయన ఇచ్చిన మాట ఆయనతో పోదు. ఆ మాట నమ్మిన చిన్న ఉద్యోగి ఇంకా అదే ఆఫీసులో పనిచేస్తూ ఉండొచ్చు. కాబట్టి నోటుబుక్కులు ఎవరికైనా ఇచ్చేముందు, ఆ రంగం తెలిసిన సహచరుడు ఒకరు కూర్చుని చూడాలి. కుటుంబానికి ఆ పేర్ల బరువు తెలియదు.

కంప్యూటర్లు వచ్చాక ఈ బెంగ తీరుతుందనుకున్నాం, కొత్తది వచ్చింది. ఏ కంప్యూటరులోనైనా తెలుగు ఒకేలా కనిపించేలా చేసే యూనికోడ్ పద్ధతి స్థిరపడకముందు ఒక్కో తెలుగు పత్రికకు ఒక్కో ఫాంటు. ఆ ఫాంటు లేకపోతే తెరమీద కనిపించేది అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలే. 1990ల చివరి నుంచి 2000ల దాకా వెబ్‌సైట్లలో వచ్చిన వ్యాసాలు, రచయితలు పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో అను ఫాంట్లతో టైపు చేయించుకున్న పుస్తకాల ఫైళ్లు ఈ గోతిలోనే ఉన్నాయి. 1910 నాటి పత్రిక దొరికితే చదవగలం. 2001 నాటి సీడీ దొరికితే, ముందు దాన్ని తెరిచే డ్రైవు వెతుక్కోవాలి, తర్వాత ఫాంటు, తర్వాత దాన్ని యూనికోడ్‌లోకి మార్చే సాధనం. ఆపైన తప్పులు దిద్దుకోవాలి. పత్రికలు వెబ్‌సైట్లు మార్చినప్పుడల్లా పాత లింకులు పనిచేయడం మానేస్తాయి. ఫేస్‌బుక్‌లోనే రాసి, పుస్తకం వేయకుండా పోయిన మంచి వచన రచయితల పోస్టులు ఒక పాస్‌వర్డ్ వెనక ఉన్నాయి. బతికుండగానే ఫేస్‌బుక్‌లో లెగసీ కాంటాక్టుని, అంటే తన తర్వాత ఖాతా చూసుకునే మనిషిని, పెట్టుకోవచ్చు, గూగుల్‌లో ఖాతా వాడకం ఆగిపోతే ఎవరికి అందాలో ముందే చెప్పొచ్చు. ఆ రెండు పనులకీ పట్టేది కొన్ని నిమిషాలే.

మరణం జరిగిన ఇంట్లో మొదటి నెలల్లో చేయదగినవి కొన్నే ఉన్నాయి. గది సర్దే ముందు బీరువాలో ఏ కట్ట ఎక్కడుందో ఫోటోలు తీయాలి, ఎందుకంటే రచయిత పెట్టుకున్న వరసే చాలాసార్లు తేదీల ఆధారం. క్లిప్పింగుల మీద పత్రిక పేరు, తేదీ లేకపోతే తెలిసినవాళ్లు ఉండగానే అడిగి పెన్సిలుతో రాయాలి. స్టేపుల్ పిన్నులు తీసేయాలి, తుప్పు కాగితాన్ని తినేస్తుంది. సెల్లోటేపు అంటించకూడదు. స్కాన్ చేసినవి ఒక్క ల్యాప్‌టాప్‌లో కాకుండా రెండు మూడు చోట్ల ఉంచాలి. పబ్లిషర్లతో ఉన్న ఒప్పందాలు, రాయల్టీ ఉత్తరాలు, ఉద్యోగ నియామక పత్రం విడిగా ఒక ఫైలులో పెట్టాలి. ఆపైన, అనుమతులు ఇచ్చే బాధ్యత కుటుంబంలో ఎవరో ఒక్కరికి అప్పగిస్తూ ఒక కాగితం రాసుకోవాలి. దాని మీద హక్కుదారులందరూ సంతకం పెట్టాలి, పెళ్లయి వెళ్లిన ఆడపిల్లలతో సహా.